ముళ్ల గొడ్లకు జకరయ్య కాపలా

జకరయ్య ప్రార్థనలో కళ్లు మూసుకోడని రేపల్లె లూథరన్ గుడిలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. పాస్టరుగారు తలలు వంచమంటే వంచేవాడు గానీ, రెప్పల సందులోంచి చుట్టూ చూస్తూనే ఉండేవాడు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు ఎవరివి ఎవరు తొడుక్కుపోతారో, కానుక సంచి ఎవరి చేతిలో కాస్త ఎక్కువసేపు ఆగుతుందో ఒకరు చూడాలి గదా అని ఆయన వాదన. అన్నీ దేవుడు చూస్తూనే ఉంటాడు, మధ్యలో నువ్వెందుకని భార్య రాజమ్మ అడిగితే, ఆయనకి లోకమంతా చూసుకోవాలి, ఈ గుమ్మమొక్కటీ నేను చూస్తే కాస్త సాయంగా ఉంటుందనేవాడు. పాస్టరుగారు కూడా కొన్నాళ్లు నచ్చజెప్పి చూసి ఊరుకున్నారు.

ఈ బుద్ధి పుట్టుకతో వచ్చింది కాదు. బందెలదొడ్డి నేర్పింది. చేలో పడి మేసిన గొడ్లను తోలుకొచ్చి కట్టేసే ఆ దొడ్డికి జకరయ్య మీసాలు రాని వయసు నుంచీ కాపలా. గొడ్డును విడిపించుకోవడానికి వచ్చే మనిషి ప్రతివాడూ ఒక కథ పట్టుకొచ్చేవాడు. తాడు తెగిందని ఒకడు, ఎవరో పగవాళ్లు విప్పేశారని ఒకడు, మా గేదె గడ్డి తప్ప మినప చేను వంక కన్నెత్తి చూడదని మరొకడు. ఆ గేదె పళ్ల మధ్య మినపాకు ఇంకా పచ్చగా ఉండేది. మనిషి మాట వినకూడదు, గొడ్డు నోరు తెరిచి చూడాలన్నది అక్కడ ఆయన నేర్చుకున్న పాఠం. దొడ్డి వదిలాక కూడా ఆ పాఠాన్ని వదల్లేదు. ఇంట్లో పచ్చడి జాడీ తగ్గితే రాజమ్మ నోరు వాసన చూసిన ఘనుడు.

డెబ్బై ఏడు ఉప్పెనకు చుట్టుపక్కల గొడ్లు సగానికి సగం పోయాయి. మిగిలిన దుక్కిటెడ్ల పని కొన్నాళ్లకు ట్రాక్టర్లు లాక్కున్నాయి. దొడ్డిలో కట్టేయడానికి గొడ్డూ లేదు, దానికి కాపలా మనిషి అవసరమూ లేకపోయింది. అప్పుడు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే దేవదానం మాస్టారు పూనుకుని, బాపట్లలో ఒక కాలేజీ వాళ్లతో మాట్లాడి, జువాలజీ లాబుకు అటెండరుగా వేయించారు. కాపురం బాపట్లకి మారినా ఆదివారం మాత్రం జకరయ్య రేపల్లె గుడికే వెళ్లేవాడు. ఎనిమిదో తరగతి గట్టెక్కని తనకి ఈ మాస్టారు ఎందుకింత మేలు చేస్తున్నాడా అని జకరయ్య చాలాకాలం అనుమానపడ్డాడు. కారణమేమీ దొరకలేదు. మాస్టారు పోయిన నాడు శవపేటిక పక్కన నిలబడి, ఈ ఒక్క మనిషి దగ్గర నేను ఓడిపోయానని రాజమ్మతో అన్నాడు.

ఆ మాస్టారి కూతురే ప్రమీలారాణి. ఎనభై నాలుగులో అదే కాలేజీకి, అదే డిపార్టుమెంటుకి లెక్చరరుగా వచ్చింది. పిల్లప్పుడు గుడిలో తన ఒళ్లో కూర్చున్న పిల్ల ఇప్పుడు మేడంగారై నిలబడితే జకరయ్యకి గుండె నిండిపోయింది. అందరి ముందూ మేడమని, ఎవరూ లేనప్పుడు అమ్మా అని పిలిచేవాడు. ఆమె ఎవరున్నా లేకపోయినా బాబాయ్ అనేది. ఆ పిలుపుకి బదులుగా ఆమెకు ఎవరివల్లా కీడు జరగకుండా చూడాలని ఆయన లోపల్లోపలే ఒట్టుపెట్టుకున్నాడు.

కీడు ఎటునుంచి వస్తుందో కనిపెట్టడానికి ఆయనకు ఎక్కువ కాలం పట్టలేదు. ప్రమీలారాణిది టెంపరరీ ఉద్యోగం. అదే డిపార్టుమెంటులో వెంకటప్పయ్య అనే కుర్ర లెక్చరరుదీ టెంపరరీయే. పర్మనెంటు అయ్యేది ఒక్క పోస్టు. పరిశోధన ముందు ఎవరు ముగించి డిగ్రీ తెచ్చుకుంటే పోస్టు వాళ్లదని మేనేజిమెంటు చెప్పేసింది. ఈ వెంకటప్పయ్యకి స్వయానా మేనమామ, బోటనీలో పెద్ద లెక్చరరు శివరామయ్యగారు. ఆయనది అమృతలూరు. కాలేజీలో పాఠం, ఊళ్లో వ్యవసాయం. స్కూటరు మీద రెండు కాళ్ల మధ్య యూరియా బస్తా పెట్టుకుని కాలేజీకి వచ్చి, సాయంత్రం అటునుంచటే పొలానికి పోయే రకం. మేనల్లుడి కోసం మేనమామ ఏం చేయడు? జకరయ్యకు ఈ ఒక్క ప్రశ్న చాలు.

ప్రమీలారాణి పరిశోధనంతా ఒక సిమెంటు తొట్టిలో ఉంది. లాబు వెనక, సగం కప్పు తీసేసి ఎండ పడేలా చేసిన షెడ్డులో ఆ తొట్టి కట్టించింది. సూర్యలంక నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు ట్రాక్టరు మీద వచ్చేవి. వాటిని ముందు పక్కనున్న చిన్న తొట్టిలో పోసి తేరనిచ్చి, తర్వాత పెద్ద తొట్టిలోకి మళ్లించేవారు. తమిళనాడులో మండపం దగ్గరి సముద్రం నుంచి, అనుమతి కాగితాలు తెచ్చుకుని, పగడపు రాళ్లూ వాటితోపాటు సీ అర్చిన్లనే ముళ్ల ప్రాణులనూ తడి గోనెల్లో, నీళ్ల క్యాన్లలో రైలు మీద పట్టుకొచ్చింది. దారిలో పోయినవి పోగా బతికినవి తొట్టిలో కుదురుకున్నాయి. రాళ్లు అంటే ఆమె ఒప్పుకునేది కాదు. అవి రాళ్లు కాదు బాబాయ్, ఆవగింజంతేసి ప్రాణులు వేలకు వేలు కలిసి కట్టుకున్న ఇళ్లు అని చెప్పింది. జకరయ్య ఊఁ కొట్టాడు గానీ నమ్మలేదు. కదలని ప్రాణిని ఆయన జన్మలో చూడలేదు.

కదిలేవి మాత్రం ఆయన కంట్లో పడ్డాయి. ఉమ్మెత్తకాయకి నల్లటి సూదులు మొలిచినట్టుండే ఆ సీ అర్చిన్లు పగలంతా రాళ్ల కింద, సందుల్లో నక్కి ఉండేవి. పొద్దు వాలుతుంటే ఒక్కొక్కటీ సూదుల మీద నడుచుకుంటూ బయటకొచ్చేవి. తెల్లవారి జకరయ్య షెడ్డు తలుపు తీసేసరికి మళ్లీ ఏమెరగనట్టు సందుల్లో ఉండేవి. అవి తిరిగిన చోటల్లా రాయి మీద తెల్లటి గీతలు, ఎవరో గోళ్లతో గీకినట్టు. జకరయ్య ఒకదాన్ని తిరగేసి నోరు చూశాడు. అడుగున, నట్టనడుమ, ఐదు పళ్లు. ఇంకేం కావాలి? పగలు దాక్కోవడం, చీకటి పడగానే చేలో పడటం, నోట్లో పళ్లు. బందెలదొడ్డిలో సగం జీవితం గడిపిన మనిషికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వెళ్లి ప్రమీలారాణికి చెప్పాడు, అమ్మా ఆ ముళ్లవి నీ రాళ్లని మేసేస్తున్నాయని. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతూ నవ్వింది. మేయనీ బాబాయ్, వాటిని తెచ్చిందే మేయడానికి అని, తలెత్తకుండానే తర్వాత తీరిగ్గా చెప్తానంది. ఆ తీరిక ఎప్పుడూ రాలేదు. జకరయ్యకు మాత్రం మనసు చివుక్కుమంది. చదువుకున్న వాళ్లకు మంచితనం ఎక్కువ, లోకజ్ఞానం తక్కువ అని ఆయన అభిప్రాయం. గొడ్డు చేలో పడిందని చెబితే మేయనీ అనే రైతుని ఆయన అంతవరకూ చూడలేదు. ఎంతో కష్టపడి రైలు మీద తెచ్చుకున్న పైరు, తండ్రి లేని పిల్ల, పక్కన కాచుకుని మేనమామా మేనల్లుడూ. ఇప్పుడీ ముళ్ల గొడ్లు కూడానా?

ఆయన చేయాల్సింది ఆయన చేశాడు. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, చేతికి గోనెపట్టా చుట్టుకుని, సందుల్లోంచి బయటపడుతున్న సీ అర్చిన్లను ఒక్కొక్కదాన్నీ ఏరి పక్కనున్న నీళ్లు తేర్చే తొట్టిలోకి మార్చి పైన రేకు మూసేవాడు. పొద్దున్నే ప్రమీలారాణి రాకముందే మళ్లీ తెచ్చి రాళ్ల పక్కన వదిలేవాడు. అవి సందుల్లోకి సర్దుకునేవి. రాత్రిపూట గొడ్డుని కట్టేసి పగలు కంటి ముందు వదిలితే చేను భద్రంగా ఉంటుంది. ఎవరినీ చంపలేదు, ఎవరి మాటా కాదనలేదు. దొడ్డి ఉద్యోగం పోయాక ఇంత హాయిగా ఆయన ఎప్పుడూ నిద్రపోలేదు.

సూదులు గోనెని కూడా ఖాతరు చేసేవి కావు. వేళ్లలో విరిగిపోయి నల్లటి చుక్కలుగా నిలిచిపోయేవి. ఒకరోజు ప్రమీలారాణి ఆ వేళ్లు చూసి కంగారుపడింది. తొట్టి కడుగుతుంటే గుచ్చుకున్నాయన్నాడు. ఆమె ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, లాబులోని సన్న పట్టుకారుతో ముళ్లన్నీ తీసి, తన చేత్తోనే మందు రాసింది. నా తొట్టికి నీ అంత శ్రద్ధ ఎవరూ చూపించరు బాబాయ్ అంది. ఆ మాట ఆయన రాజమ్మకి ఆ వారమంతా చెబుతూనే ఉన్నాడు. చెప్పింది మాత్రం ఆ మాటే, సాయంత్రం పని సంగతి రాజమ్మకి కూడా చెప్పలేదు. రాజమ్మ నోటి మీద ఆయనకి అనుమానం.

కొన్ని వారాలకి రాళ్ల మీద తెల్ల గీతలు మాయమయ్యాయి. జకరయ్య మీసం దువ్వుకున్నాడు. గీతలున్న చోట ముందు పల్చగా పచ్చటి పాచి కమ్మింది. ఆ పాచిలోంచి జుట్టులాంటి నాచు లేచింది. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి నాచు పగడాల మీదకి పాకింది. గులాబీ రంగులో, తేనె రంగులో ఉండే కొమ్మలు మురికిపట్టి, చివర్లు తెల్లబడటం మొదలైంది. ప్రమీలారాణి మొహం కూడా అలాగే తెల్లబడింది. నీళ్లు మార్పించింది. ఎండ తగ్గించడానికి పైన తాటాకులు పరిపించింది. నాచుని చేత్తో పీకింది. పీకిన చోటే మళ్లీ వచ్చేది. మే నెలలో విశాఖ నుంచి ఆమె ప్రొఫెసరు వచ్చి తొట్టి చూసి, బాగుందంటే థీసిస్ రాసుకోవచ్చు. లేదంటే మళ్లీ మొదటికి. అప్పటికి పోస్టు ఎవరి కోసం ఆగుతుంది?

సీ అర్చిన్లకి ఆకలి చచ్చిపోయింది బాబాయ్, ఏవీ తినడం లేదు, చిక్కిపోతున్నాయి అని ఆమె బాధపడింది. జకరయ్య తల ఊపాడు. అవి చిక్కిపోతే ఆయనకేం బాధ లేదు. ఆయన్ను వేరే ప్రశ్న తొలిచేస్తోంది. ఉన్నట్టుండి ఇంత పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చింది? డెల్టాలో పుట్టిన ఎవరినడిగినా ఒకే జవాబు చెబుతారు. చేను రాత్రికి రాత్రి పచ్చబడితే అది యూరియా.

ఇక శివరామయ్యగారి చుట్టూ జకరయ్య కళ్లు తిరగడం మొదలైంది. ఆయన మధ్యాహ్నం టిఫిను డబ్బా కడుక్కునే నెపంతో షెడ్డు వైపు రావడం చూశాడు. తొట్టి మీదకి వంగి చూడటం చూశాడు. స్కూటరు ముందు భాగంలో రాలిన తెల్లటి గుళికల్ని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని చూశాడు. యూరియాయే. యూరియా బస్తా మోసే బండి మీద యూరియా కాక పంచదార ఉంటుందా అని ఆయనకి తట్టలేదు. ఒకరోజు శివరామయ్యగారు ప్రమీలారాణితో సరదాగా, మీ తొట్టికి ఏం ఎరువేస్తున్నారమ్మా, మా చేలు కూడా ఇంత బాగా పెరగడం లేదన్నారు. బీరువా చాటున నిలబడ్డ జకరయ్యకి అది చాలు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనని ఆ సాయంత్రమే ఆమె చెవిన వేశాడు.

ప్రమీలారాణి మొదట కసురుకుంది. పెద్దమనిషి, నాన్నకి స్నేహితుడు, అలా అనకూడదంది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకీ నిద్ర పట్టలేదు. స్టాఫ్ రూములో టీ తాగడం మానేసింది. వెంకటప్పయ్య పలకరిస్తే ముక్తసరిగా జవాబివ్వసాగింది. తొట్టి మీద ఇనప వల వేయించి, షెడ్డుకి కొత్త తాళం కొంది. తాళంచెవులు రెండు. ఒకటి ఆమె దగ్గర, ఒకటి జకరయ్య దగ్గర. అంత చేసినా నాచు పెరుగుతూనే ఉంది. తాళం వేసిన షెడ్డులోకి కూడా చొరబడుతున్నారంటే వీళ్లు ఎంతకైనా తెగిస్తారని జకరయ్య అన్నాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏప్రిల్లో ఒక పొద్దున, పెద్ద పగడం కొమ్మ సగం తెల్లగా అయిపోవడం చూసి, తిన్నగా ప్రిన్సిపాలుగారి గదికి వెళ్లి శివరామయ్యగారి మీద ఫిర్యాదు చేసింది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురినీ పిలిచారు. ప్రిన్సిపాలుగారు నెమ్మదస్తుడు. ఇద్దరు లెక్చరర్లనీ కూర్చోమన్నారు. జకరయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. శివరామయ్యగారి మొహం కందిపోయి ఉంది. పాతికేళ్ల సర్వీసులో ఎవరి పేపరూ ముట్టుకోలేదు, ఇప్పుడు స్నేహితుడి కూతురి తొట్టిలో యూరియా కలిపాననే మాట పడాల్సి వచ్చిందే అన్నారు. తొట్టి దగ్గరికి వెళ్లేది నిజమేనని, నాచు అంత ఏపుగా పెరగడం చూసి బోటనీ మనిషిగా ఆశ్చర్యపడే వెళ్లానని చెప్పారు. ప్రిన్సిపాలుగారు జకరయ్య వైపు తిరిగి, నువ్వు లేనప్పుడు షెడ్డులోకి ఎవరైనా రావడానికి వీలుందా అని అడిగారు.

జకరయ్య ఇలాంటి ప్రశ్న కోసమే పుట్టినట్టు ఛాతీ విరిచాడు. తన కాపలాని ఎవరూ శంకించకూడదు.

"నేను లేకుండా చీమ కూడా దూరదండి. సాయంత్రం ఆఖర్న వెళ్లేది నేనే, పొద్దున్నే ముందొచ్చేది నేనే. రోజూ సాయంత్రం ఆ ముళ్లవాటిని ఏరి పక్క తొట్టిలో పడేసి రేకు మూస్తానండి. పొద్దున్నే మళ్లీ తెచ్చి వదుల్తాను. అవి రాత్రుళ్లు మేడంగారి రాళ్లని మేస్తంటే చూస్తా ఊరుకోమంటారా? ఐదు నెల్ల నుంచీ ఒక్క రాత్రి కూడా వాటిని ఒక్క పరక మేయనివ్వలేదండి."

శివరామయ్యగారు ముందుకు వంగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయనకి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. నాచు మేసేవాటిని తీసేస్తే నాచు ఏం చేస్తుందో బోటనీ లెక్చరరుకి తెలియదా? ప్రమీలారాణి మాత్రం కుర్చీలోంచి లేచి జకరయ్యకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమన్నావ్ బాబాయ్?"

ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారి గొంతు మొదటంత గట్టిగా లేదు. ఆమె మొహం చూస్తుంటే, తను దొంగని పట్టుకొచ్చి నిలబెట్టలేదనీ, మరేదో అయిందనీ ఆయనకి తోచింది. ఏమైందో మాత్రం అంతుపట్టలేదు.

ఆమె శివరామయ్యగారికి చేతులు జోడించి, క్షమించమని అడిగి, ఆయన సరేననే లోపే బయటికి వెళ్లిపోయింది. జకరయ్య వెనకే పరిగెత్తాడు. షెడ్డులో తొట్టి గట్టు మీద కూర్చుని, అప్పుడు, ఇన్నాళ్లకి తీరిక దొరికినట్టు, ఆయనకి చెప్పింది. పగడం చాలా నెమ్మదిగా పెరిగే పైరు. నాచు తొందరగా పెరిగే కలుపు. ఎండంతా, చోటంతా కలుపు లాగేసుకుంటే పైరు చస్తుంది. ఈ ముళ్లవి మేసేది పగడాన్ని కాదు, దాని చుట్టూ ఉన్న పాచిని. అవి గీకి తెల్లగా చేసిన చోటే పగడం పిల్లలు వచ్చి అతుక్కుంటాయి. మరీ ఎక్కువైతే రాయిని కూడా తినేస్తాయి, అది నిజమే, అందుకే ఎన్ని ఉండాలో చూసుకుని వేసింది. ఈమధ్యే ఎక్కడో పడమటి దేశాల సముద్రంలో ఏదో జబ్బు తగిలి ఇలాంటివి కుప్పలు కుప్పలుగా చచ్చిపోతే, ఏడాది తిరిగేలోపు అక్కడి పగడాల దిబ్బలన్నీ నాచు కప్పేసిందని చదివింది కూడాను.

"అవి గొడ్లు కాదు బాబాయ్, నా చేలో కలుపు కూలీలు. రోజూ పని వేళకి నువ్వు వాళ్లని బయటికి పంపేశావు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జకరయ్యకి కాస్త ఊపిరాడేది.

ఆ సాయంత్రం ఆయన తొట్టి జోలికి వెళ్లలేదు. పక్క గదిలో ఉంటూ తలుపు సందులోంచి చూశాడు. ముళ్లవి ఒక్కొక్కటీ బయటికొచ్చి నాచులోకి దూరాయి. కరువులో పడ్డ మనుషులకి విస్తరి వేసినట్టు మేశాయి. వారం గడిచేసరికి రాళ్ల మీద మళ్లీ తెల్ల గీతలు కనబడ్డాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? నాచు తగ్గిన చోట పగడం చచ్చి తెల్లటి సున్నంలా బయటపడింది. ఒక మూల అరచేయంత ముక్క మాత్రం బతికింది.

మే నెలలో విశాఖ ప్రొఫెసరుగారు వచ్చారు. ప్రమీలారాణి ఏదీ దాచలేదు. ఆయన జకరయ్యని పిలిచి, ఎందుకు తీశావయ్యా అని అడిగితే, తినేది దొంగే అనుకున్నానండి అని చెప్పాడు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. జరిగింది వింటే పుస్తకంలో రాసుకోవాల్సిన విషయమేగానీ, ఆమె ఐదు నెలలుగా అర్చిన్ల తిండి గురించి రాసిన లెక్కలన్నీ కట్టేసిన జీవాల లెక్కలు, థీసిస్‌కి పనికిరావు, మళ్లీ పగడాలు తెచ్చి మొదలుపెట్టాలన్నారు. మళ్లీ అంటే మరో ఏడాది. జూన్‌లో వెంకటప్పయ్యకి డిగ్రీ వచ్చింది. పోస్టు ఆయనకే ఇచ్చారు. శివరామయ్యగారు ఎవరికీ సిఫార్సు చేయలేదు, చేయాల్సిన అవసరమూ రాలేదు. మేనల్లుడికి ఆ పోస్టు ఇప్పించిన చెయ్యి ఎవరిదో జకరయ్యకి బాగా తెలుసు. ఆ చేతి వేళ్లలో రెండు నల్ల చుక్కలు ఇంకా అలాగే ఉన్నాయి.

ప్రమీలారాణి కాలేజీ వదిలి, తెనాలిలో ఒక ట్యుటోరియల్లో చేరింది. వెళ్లేటప్పుడు జకరయ్యతో మామూలుగానే మాట్లాడింది. ఆ మామూలు మాటే ఆయన్ను ఏడాదిపాటు నిద్రపోనివ్వలేదు. మనసులో ఏం పెట్టుకుని అంత మామూలుగా మాట్లాడింది? రేపల్లెలో అందరికీ చెప్పేసి ఉంటుంది. గుడిలో తన పక్కన ఎవరూ కూర్చోకపోతే అందుకేననుకున్నాడు. పాస్టరుగారు క్షమాపణ మీద ప్రసంగం చేస్తే తననే అంటున్నారనుకున్నాడు. ప్రమీలారాణి తల్లి విజయమ్మగారు బజార్లో పలకరిస్తే, ఆ పలకరింపు వెనక ఏముందోనని తప్పుకుని వెళ్లాడు. చివరికి రాజమ్మ విసుగెత్తిపోయింది. ఊళ్లో వాళ్లందరి మొహాలూ చదివేకంటే వెళ్లి ఆ పిల్ల మొహమే చూసి రావచ్చు గదా అని తువ్వాలు చేతికిచ్చి బయటికి పంపింది.

బాపట్లలో పాసింజరెక్కి తెనాలిలో దిగాడు. దారి పొడవునా ఆమె ఏమంటుందో, తనేం బదులివ్వాలో కూడబలుక్కున్నాడు. నువ్వే నా బతుకు పాడుచేశావంటే ఒక జవాబు, అసలు లోపలికే రానివ్వకపోతే ఒక జవాబు, వెంకటప్పయ్య దగ్గర ఏం తీసుకుని ఇదంతా చేశావని అడిగితే వేరే జవాబు. ఈ ఆఖరి జవాబుని మాత్రం స్టేషను స్టేషనుకీ మార్చుకున్నాడు. తను ఆమె స్థానంలో ఉంటే అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆమె గంగానమ్మపేటలో ఒక మేడ కింద వాటాలో ఉంటోంది. తలుపు తీసి, బాబాయ్ నువ్వా అని, లోపల కూర్చోబెట్టి కాఫీ పెట్టింది. రాజమ్మ పిన్ని మోకాళ్లెలా ఉన్నాయని అడిగింది. టేబులు మీద ట్యుటోరియల్ పిల్లల పేపర్లు గుట్టగా ఉన్నాయి. పగడాలూ లేవు, సముద్రపు నీళ్లూ లేవు. జకరయ్య గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. కూడబలుక్కున్న జవాబుల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. చివరికి తనే అడిగేశాడు, నా మీద నీకేం అనుమానం రాలేదా అమ్మా, అప్పుడైనా, ఇప్పుడైనా అని.

ప్రమీలారాణి కాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి కాదు, నిజం సరిగ్గా చెప్పడానికి ఆలోచిస్తున్నట్టు ఆమె మొహంలో తెలుస్తోంది.

"అందర్నీ అనుమానించాను బాబాయ్. శివరామయ్యగారిని, వెంకటప్పయ్యని, ఆ సముద్రపు నీళ్లు తెచ్చే ట్రాక్టరతన్ని కూడా. ఒక్క సాయంత్రం నిన్ను అనుమానించి షెడ్డు దాకా వచ్చుంటే, అవన్నీ బతికేవి. నిన్నొక్కడినే అనుమానించలేదు."

జకరయ్యని జన్మలో ఎవరూ అలా నమ్మినట్టు ఆయనకి గుర్తులేదు. ఆ నమ్మకమే ఆమె పగడాల్ని చంపిందని కూడా అప్పుడే అర్థమైంది. గ్లాసు కింద పెట్టి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టి, పేపర్లు దిద్దుకోవడానికి కూర్చుంది.